పసుపు పద్దు

విశ్వకర్మ పూజ నాడు భిలాయి సెక్టర్ 7లోని ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: స్టీల్ ప్లాంటులో రైలు పట్టాల మిల్లు ఆఫీసరుగా చేసి రిటైరైన రామచంద్రరావు, ఆయన భార్య కుసుమ, కొడుకు మనోహర్, కూతురు శ్రుతి, కుసుమకు చెల్లెలి వరసైన ఒకావిడ కూతురు మణిమాల. ముందుగదిలో బల్ల మీద కొత్త లాప్‌టాప్ ఉంది. పక్కగదిలో కిటికీ కింద పాత కంప్యూటర్ ఉంది. వాటిని కూడా ఆ రోజు ఇంట్లోవాళ్ళతో కలిపి చెప్పాల్సిందే. రెండింటికీ బొట్టు పెట్టారు.

పాతదాన్ని తుడిచింది మణిమాల. తెరని తడిగుడ్డతో, వెనక తీగల్ని పొడిగుడ్డతో తుడిచి, అగ్గిపుల్లకి దూది చుట్టి కీబోర్డు సందుల్లో దుమ్ము తీసింది. సాయంత్రాలు దాని ముందు కూర్చునేది ఆమే. రామచంద్రరావుకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. ఆయన పడక్కుర్చీలో కూర్చుని జేబులోంచి చీటీలు తీసి ఆ రోజు ఖర్చు చెబుతారు. ఆమె లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొడుతుంది. పాలు, కూరలు, ఆటో, మందులు. పద్దుల పేర్లన్నీ ఆయనే ఆమె చేత తెలుగులోకి మార్పించి, అక్షరాలు పెద్దవి చేయించారు. పిల్లలిద్దరూ భిలాయిలోనే పుట్టి హిందీలో పెరిగారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఇన్నాళ్ళకి తెలుగొచ్చిన గుమస్తా దొరికిందని ఆయన అప్పుడప్పుడు నవ్వేవారు. ఆ నవ్వు కోసం మణిమాల తప్పు లేకుండా కొట్టేది.

ఉదయం పలాస నుంచి అమ్మ ఫోన్ చేసింది. జీడి షెడ్డులోంచే చేసినట్టుంది, వెనక గింజలు కొట్టే చప్పుడు వినిపిస్తోంది. పండగ పూట వాళ్ళు ఏ పని చెప్పినా కాదనొద్దంది. పన్నెండో తరగతి గట్టెక్కేదాకా ఎలాగో సర్దుకోమంది. మధ్యలో వచ్చేస్తే నాన్న ఇక బడిమాట ఎత్తనివ్వడని, ఇదే షెడ్డులో తన పక్కన ఇంకో పీట వేయిస్తాడని చెప్పింది. మణిమాల ఊఁ కొట్టింది. జీడి రసానికి నల్లబడి చర్మం ఊడిపోయిన అమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. రేషను షాపులో ఆ వేళ్ళకి ముద్ర పడేది కాదు.

కొత్త లాప్‌టాప్ ఇంటి లెక్కలకి మాత్రమే కాదు. మనోహర్‌కి ఊరి పక్క జాముల్‌లో ఒక ఫ్యాక్టరీ షెడ్డు రేకులు మార్చే పని ఖాయమైంది. సొంతంగా పట్టిన మొదటి కాంట్రాక్టు అది. ఆ లెక్కలూ ఇందులోనే నడుస్తాయని కుసుమ గుడి పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించింది. సరుకుల చీటీ రాసినా, పెళ్ళి జాబితా రాసినా మొదటి మాట పసుపే. ఇందులోనూ మొదటి పద్దు పసుపే కావాలంది. అది ఇంటి ఆడపిల్ల చేత్తో పడాలంది.

"ముహూర్తం దాటిపోతంది. ఆడపిల్లని రమ్మనండి," అని ఆవిడ పిలిచినప్పుడు మణిమాల వంటింట్లో కొబ్బరికాయ పీచు తీస్తోంది. చేతులు చున్నీకి తుడుచుకుని గబగబా వచ్చి బల్ల ముందు కుర్చీ వెనక్కి లాగింది.

"నువ్వు కాదే. శ్రుతీ, నువ్వు రా. మణీ, దానికి ఎక్కడ నొక్కాలో చూపించు చాలు."

మణిమాల లాగిన కుర్చీని అలాగే పట్టుకుంది. శ్రుతి ఫోను పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాక దాన్ని ముందుకు జరిపింది. శ్రుతి పసుపుకి హిందీలో 'హల్దీ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. మణిమాల తెరని తాకకుండా వేలు దూరంగా పెట్టి సేవ్ ఎక్కడుందో చూపించింది. కుసుమ కర్పూరం తిప్పింది. అందరూ దణ్ణం పెట్టుకున్నాక మనోహర్ మూత వేసేశాడు. ఆ రోజు ఊళ్ళో లేతు మిషన్లూ వెల్డింగు మిషన్లూ దండలు వేసుకుని ఊరికే ఉన్నాయి. ఇదీ అలాగే ఉండాలి.

మణిమాల తన చేతులు మళ్ళీ చున్నీకి తుడుచుకుంది. అప్పటికే అవి పొడిగా ఉన్నాయి.

మర్నాడు బడి నుంచి వచ్చి బట్టలు మార్చుకోకుండానే పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం షాపువాడు వచ్చి ఎక్స్ఛేంజ్ కింద దాన్ని పట్టుకుపోతాడు. ఆ లోపల అంతా కొత్తదాంట్లోకి పోవాలి. రామచంద్రరావు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"రిటైరైన రోజు నుంచీ ఉన్న లెక్కమ్మా అది. ఒక్క లైను కూడా పోకూడదు."

"పోదు పెదనాన్నా."

ముందు బ్యాకప్ తీసింది. పెన్‌డ్రైవ్ దీపం వెలిగి ఆరుతూ చాలాసేపు నడిచింది. తర్వాత సెట్టింగులు ఉండే ఫోల్డరు వెతికి అదీ ఎక్కించింది. డేటా ఒక్కటే తెస్తే అంకెలు వస్తాయి గాని తెలుగు పేర్లు, పెద్ద అక్షరాలు, పాలవాడికీ గ్యాసుకీ కరెంటుకీ నెలనెలా గుర్తుచేసే గంటలు రావని ఆమెకు తెలుసు. బడిలో కంప్యూటర్ మేడమ్‌ని అడిగి తెలుసుకుంది. క్లాసులో నోరు తెరిచి అడిగిన ప్రశ్న అదొక్కటే. అడిగేటప్పుడు చెవులు వేడెక్కాయి.

పెన్‌డ్రైవ్ తీసి, యూనిఫాం అంచుతో దాని కొస తుడిచి, కొత్త లాప్‌టాప్‌కి పెట్టింది. రీస్టోర్ నొక్కితే తెర మధ్యలో చిన్న గడి వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒకసారి లోపల చదువుకుని, మళ్ళీ పైకి తెలుగులో చెప్పింది.

"ఇందులో ముందే ఒక ఫైలు ఉందంట పెదనాన్నా. పాతది వస్తే దీని స్థానంలోకే వస్తుందంట. సరేనా అని అడుగుతోంది. నొక్కితే నిన్న దీదీ రాసిన పసుపు పోతుంది."

రామచంద్రరావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కళ్ళు నులుముకున్నారు.

"ఒక్క లైను. దానికేటి. రేపు మళ్ళీ దాని చేతే కొట్టించీద్దాం. నొక్కు."

"పెద్దమ్మతో ఒకసారి చెప్పనా?"

"ఆవిడకి ఇవన్నీ అర్థమవుతాయేటి? షాపువాడొచ్చీ వేళయింది. నొక్కమ్మా."

నొక్కింది. నీలం గీత ఎడం నుంచి కుడికి నడిచింది. అది చివరికి వెళ్ళేదాకా ఆమె వేలు కదపలేదు. తెర తెల్లబడి, మళ్ళీ నిండింది. ఆటో, కూరలు, పాలు, మందులు, అన్నీ పెద్ద అక్షరాల్లో. రెండు తెరల్నీ పక్కపక్కన పెట్టి పాతదాంట్లో ఒక పద్దు, కొత్తదాంట్లో అదే పద్దు చదువుతూ పోయింది. ఆయన కళ్ళు మూసుకుని తలాడించారు.

"నువ్వు చదువుతుంటే నాకు ఆపరేషనే అక్కర్లేదనిపిస్తంది," అన్నారు.

షాపువాడు వచ్చి పాత కంప్యూటర్ని అట్టపెట్టెలో దింపాడు. పెట్టె మూత పడలేదు. ఆటోలో వెళ్ళిపోతుంటే తెర పైభాగం, దాని మీద నిన్నటి కుంకుమబొట్టు కనిపిస్తూనే ఉన్నాయి. మణిమాల గేటు దగ్గర నిలబడి చూసింది. ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయింది.

శుక్రవారం మనోహర్ జాముల్ వెళ్ళి పొద్దున్నే తిరిగొచ్చేశాడు. వరండా మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ మధ్యలో ఆపేశాడు. ఒక బూటు కాలికే ఉంది. ఏమైందని తండ్రి రెండుసార్లు అడిగితే గాని చెప్పలేదు. పని ఇంకొకడికి ఇచ్చేశారంట. కాయితం మీద సంతకం అవ్వాల్సిన రోజు అది.

కుసుమ స్నానం చేసిన తల తువ్వాలు విప్పకుండా బల్ల దగ్గరికి వెళ్ళి, లాప్‌టాప్ మూత ఎత్తి, దణ్ణం పెట్టింది. ఆ పసుపు ఒకసారి చూపించమని శ్రుతిని అడిగింది. శ్రుతి వేలితో పైకి జరిపింది, కిందికి జరిపింది. చివరిదాకా వెళ్ళి ఆగింది.

"మమ్మీ, హల్దీ తో హై హీ నహీఁ. లేదు."

మణిమాల అప్పుడు బడికి జడ వేసుకుంటోంది. పిలుపు విని సగం జడతో వచ్చింది.

"ఏటే ఇది? ఏటి చేశావు?"

"పాతది తెస్తే... దాని చోటులోకి వచ్చింది పెద్దమ్మా. పెదనాన్నకి చదివి చెప్పాను."

అందరూ రామచంద్రరావు వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

"నాకేటి కనిపిస్తాది కుసుమా. ఏదో అడుగుతందంది, నొక్కమన్నాను. ఏది వస్తాదో ఏది పోతాదో నాకేం తెలుసు."

అద్దాలు తుడుచుకోవడం అయిపోయాక కూడా ఆయన తుడుస్తూనే ఉన్నారు. మణిమాల ఆ చేతుల్నే చూసింది. చదివి చెప్పానని ఇంకోసారి అంటే ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టవుతుంది. ఆయన కాదంటే ఈ ఇంట్లో ఇంకెవరూ తన తరఫున లేరు.

"మళ్ళీ కొట్టేస్తాను పెద్దమ్మా. పూజ రోజు తేదీయే వేసి..."

"ముహూర్తాన్ని కూడా వెనక్కి తిప్పి కొడతావేటే?" అంది కుసుమ. గొంతు పెంచలేదు. "చంటిపిల్లవి కాదు. ఇంటి మొదటి గీత చెరిపీశావు. తెల్లారేసరికి వాడి నోటికాడి కూడు పోయింది."

శ్రుతి, అరె మమ్మీ, కంప్యూటర్‌కీ కాంట్రాక్టుకీ ఏం సంబంధం అంది. అని, ఫోను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మనోహర్ రెండో బూటు విప్పాడు.

ఆ రోజు మణిమాల బడికి వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. వంటింట్లో గిన్నెలు తోమి, అందరూ భోజనాలు చేసి నడుం వాల్చాక లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఫోల్డర్లు ఒకటొకటిగా తెరిచింది. పేర్లన్నీ ఇంగ్లీషులో, సగం అర్థం కానివి. ఒకదాని లోపల ఇంకోటి, దాని లోపల ఇంకోటి. చివరికి ఒకచోట పూజనాటి తేదీతో చిన్న ఫైలు కనిపించింది. పాతది తెచ్చే ముందు సాఫ్ట్‌వేర్ తనంతట తనే ఉన్నదాన్ని దాచిపెట్టుకుంది. తెరిచింది. తెల్లటి తెర మీద ఒకే ఒక్క పద్దు ఉంది. హల్దీ.

లేచి వెళ్ళి మంచం పక్కన నిలబడి పెద్దమ్మా, పెద్దమ్మా అని మెల్లగా పిలిచింది. కుసుమ లేచి చీర సర్దుకుని వచ్చి వంగి చూసింది.

"పోలేదు పెద్దమ్మా. దీదీ చేత్తో రాసిందే. ఆ రోజుదే."

కుసుమ మొహం ఒక్క క్షణం మెత్తబడింది. పసుపు మీద వేలు ఆనించబోయి ఆగింది.

"మరి మన పాత లెక్కలన్నీ ఏవీ?"

"అవి ఇంకో ఫైల్లో ఉన్నాయి. అది తెరిస్తే కనిపిస్తాయి."

"అది తెరిస్తే ఇది?"

"ఒకసారి ఒక్కటే తెరుచుకుంటుంది పెద్దమ్మా."

"పూజలో కొండెక్కిన దీపాన్ని మళ్ళీ వెలిగిస్తే వెలుగొస్తాది," అంది కుసుమ నిటారుగా లేస్తూ. "పూజ రాదు." ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది మణిమాలకి. తనే మూత వేసి, మూత మీది కుంకుమ చెరగకుండా చెయ్యి తీసుకుంది.

శనివారం కుసుమ పలాసకి ఫోన్ చేసింది. మణిమాల వంటింట్లో పప్పు కడుగుతూ వింది. వేరే తప్పేమీ లేదమ్మా, పిల్ల మంచిదే అంటోంది ఆవిడ. పెదనాన్నగారికి కళ్ళ ఆపరేషన్ ఉంది, ఇల్లు ఇరుకైపోతుంది అంటోంది. బడి కాయితాలు తర్వాత పోస్టులో పంపిస్తాం అంటోంది. అవతల అమ్మ ఏమన్నదో వినిపించలేదు. ఎక్కువసేపు మాట్లాడినట్టు లేదు. నీళ్ళు తెల్లగా అయిపోయినా మణిమాల పప్పు కడుగుతూనే ఉంది.

క్యాంప్ 2లో ఉండే ధర్మారావు అనే ప్లాంటు కాంట్రాక్టు కూలీ మర్నాడు సొంతూరు వెళ్తున్నాడు. ఆయనదీ పలాస వైపే. ఆయనతో పాటు ఆమెకీ మనోహర్ ఫోనులోనే టికెట్ తీశాడు. మణిమాల బట్టలు మడిచి సంచిలో పెట్టింది. అలమరలోంచి పుస్తకాలు తీసి బట్టల పైన పెట్టింది.

సాయంకాలం ముందుగదిలో మనోహర్ గొంతు వినిపించింది. హా భయ్యా, హా భయ్యా, ఆతా హూఁ, వచ్చేస్తా అంటున్నాడు. తర్వాత మమ్మీ అని పెద్దగా పిలిచాడు. పని పట్టుకున్నవాడు అంత సామాను తేలేక తప్పుకున్నాడంట. సోమవారం వచ్చి సంతకం పెట్టమన్నారంట. కుసుమ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. రామచంద్రరావు కుర్చీలోంచి లేచారు. శ్రుతి అన్నయ్య వీపు మీద చరిచింది.

మణిమాల గదిలోంచి విని, నిలబడింది. పోయిందనుకున్నది తిరిగొచ్చింది. మరి ఇక తన తప్పు ఏముంది? సంచి జిప్పు తీసి పుస్తకాలు మళ్ళీ అలమరలో సర్దింది. అకౌంటెన్సీ పుస్తకం పైన పెట్టింది. సోమవారం ఆ పీరియడ్ ఉంది.

దేవుడి గదిలో దీపం వెలిగించి వస్తూ కుసుమ గుమ్మం దగ్గర ఆగింది. అలమర వైపు చూసింది. లోపలికి రాలేదు. ముందుగదిలోకి వెళ్ళి భర్తతో చెప్పడం మాత్రం గోడవతల నుంచి స్పష్టంగా వినిపించింది.

"చూశారా. టికెట్ ఇలా తీశామో లేదో, అలా ఫోనొచ్చింది."

ఆయన ఏమంటారోనని మణిమాల ఎదురుచూసింది. కుర్చీ కిర్రుమంది. ఇంకేమీ వినబడలేదు. ఆమె అలమర ముందు కింద కూర్చుని పుస్తకాలు ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టింది. ఈసారి అడుగున పెట్టింది, బట్టల కింద.

ఆదివారం ధర్మారావు ఆటో తీసుకొచ్చి గేటు ముందు ఆపించాడు. కుసుమ ఆమెకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డా రెండు అరటిపళ్ళూ చేతిలో పెట్టింది. దారిలో తినడానికి పులిహోర కట్టిచ్చింది. బాగా చదువుకో అంది. ఆ మాట అన్నాక తనకే ఏదోలా అనిపించిందేమో, పులిహోర డబ్బా మూత మళ్ళీ గట్టిగా నొక్కింది.

"రామ్మా గుంటా, బండి మనకోసం ఆగదు," అన్నాడు ధర్మారావు గేటు అవతల నుంచి.

"పెదనాన్నకి చెప్పి వస్తాను బాబాయ్."

పక్కగదిలో ఏసీ వేసి ఉంది. తలుపు ఓరగా ఉంది. పాత కంప్యూటర్ ఉన్న చోట ఇప్పుడు కొత్త లాప్‌టాప్ పెట్టారు. శ్రుతి దాని ముందు కూర్చుంది. రామచంద్రరావు పడక్కుర్చీలో చీటీలు పట్టుకుని ఉన్నారు.

"పాలు," అన్నారు ఆయన.

"పాపా, యే క్యా లిఖా హై? ఇందులో పాలు ఏది?" శ్రుతి తెరని ఆయన వైపు తిప్పింది. ఆయన ముందుకు వంగి, జోడు పైకీ కిందికీ జరిపి చూశారు.

పై నుంచి మూడోది, అంది మణిమాల మనసులో. 'పా' మీద ఆమె కళ్ళు ఆగాయి. గుమ్మంలోంచే కనిపిస్తోంది, అంత పెద్ద అక్షరాలు పెట్టింది తనే. సంచి కింద పెట్టింది. పిలిస్తే ఒక్క అంగలో వెళ్ళి చూపించవచ్చు. ఈ ఒక్కటీ చూపించు అని ఆయన అంటే చాలు. రేపూ ఎల్లుండీ ఎవరు చూపిస్తారనే మాట ఆయనకే తోస్తుంది. గేటు దగ్గరికి వెళ్ళి ఆటో తిప్పేయమని చెప్పడం ఎంతసేపు.

"ఛోడో, ఇవన్నీ తీసేసి నేను ఇంగ్లీషులో పెట్టేస్తా," అంది శ్రుతి.

"సరే. నీకెలా వీలైతే అలా," అన్నారు ఆయన.

అప్పుడు తల తిప్పారు. గుమ్మంలో మనిషి ఆకారం తెలిసింది. ఎవరో కూడా తెలిసింది. కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచి, నెమ్మదిగా తలుపు దాకా వచ్చారు. ఆమె పాదాలకి దణ్ణం పెట్టడానికి వంగింది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి వచ్చి, జడ దగ్గర ఒక్కసారి ఆగి, తలుపు రెక్క మీదికి వెళ్ళింది.

"జాగ్రత్తగా వెళ్ళమ్మా," అన్నారు ఎటో చూస్తూ. "ఏసీ వేసి ఉంది."

తలుపు చప్పుడు కాకుండా మూశారు. లోపల గొళ్ళెం కూడా నెమ్మదిగానే పడింది.